వీపు మీద నలుపు, కాళ్ల మీద పొట్టు: రుద్దే ముందు చూసుకోవాల్సినవి

రాత్రి తొమ్మిది దాటితే బెంగళూరు మారతహళ్ళిలో మా మందుల షాపు దగ్గర తెలుగే ఎక్కువ వినిపిస్తుంది. చుట్టూ పీజీలు, వాటిల్లో అనంతపురం, కడప, నెల్లూరు, గుంటూరు పిల్లలు. తలనొప్పి మాత్రకని వచ్చినవాడు డబ్బులిచ్చాక కూడా కదలడు. పక్కన ఎవరూ లేరని చూసుకుని, "అన్నా, ఒంటి మీద నలుపు పోయేదానికి ఏదన్నా క్రీము ఉందా?" అంటాడు. క్రీము తీసే ముందు నేను మూడు అడుగుతాను. నలుపు ఎక్కడ? దురద ఉందా? స్నానం దేంతో చేస్తావు? మూడోదానికి నవ్వుతారు గానీ, చాలాసార్లు జవాబు దొరికేది అక్కడే.

కాళ్లు పొట్టు లేస్తున్నాయి, గోరుతో గీస్తే తెల్లటి గీత పడుతోంది

ఊళ్లో ఉన్నప్పుడు నిగనిగలాడిన పిక్కలు ఇక్కడికొచ్చిన ఆర్నెల్లకే ఇలా అయ్యాయంటారు. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. జనవరి నుంచి మార్చి దాకా గాలి బాగా పొడిగా ఉంటుంది. దానికి నీళ్లు తోడవుతాయి. కావేరి నీళ్లు అందని వీధుల్లో బోరు, లేదంటే ట్యాంకరే దిక్కు. మీ బాత్రూంలో బకెట్ లోపలి అంచు చూడండి. వేలితో గీకితే తెల్లటి పొడి రాలుతోందంటే ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్నట్టే. తాగే నీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన కాఠిన్యం హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాములు. వేరే నీళ్లు దొరకనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. అలాంటి నీళ్లలో సబ్బు నురగ రాదు, జిడ్డుగా మారి ఒంటికి అంటుకుంటుంది. అది పోవాలని ఇంకా సబ్బు, ఇంకా వేడినీళ్లు. చర్మంలో ఉండాల్సిన నూనె అంతా అలా పోతుంది. పొడిబారితే దురద, దురదకు గోకుడు, గోకినచోట నలుపు.

నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, స్నానం పది నిమిషాల్లో అయిపోవాలి. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు చాలు, కాళ్లూ చేతులూ నీళ్లతోనే శుభ్రమవుతాయి. మామూలు సబ్బు బదులు సిండెట్ బార్ (సబ్బు లేకుండా వేరే శుభ్రపరిచే పదార్థాలతో చేసిన బిళ్ల) వాడితే ఈ నీళ్లతో అంత పేచీ ఉండదు. అసలు కిటుకు తువాలు దగ్గర ఉంది. ఒళ్లు పూర్తిగా ఆరనివ్వకుండా తడి అద్దుకుని, రెండు మూడు నిమిషాల్లోపే గ్లిజరిన్ ఉన్న లోషనో పెట్రోలియం జెల్లీయో రాసేయాలి. గదిలోకెళ్లి ఫోన్ చూసుకుని రాస్తే సగం ఫలితమే. పిక్కలు చేప పొలుసుల్లా ఉంటే రాత్రిపూట 10 శాతం యూరియా క్రీము గానీ 12 శాతం లాక్టిక్ యాసిడ్ లోషన్ గానీ బాగా పనిచేస్తాయి. పగుళ్లున్నచోట మాత్రం భగ్గున మండుతుంది. అందుకని నాలుగు రోజులు జెల్లీ రాసి, పగుళ్లు మూసుకున్నాక మొదలుపెట్టండి.

షవర్‌కు బిగించే చిన్న ఫిల్టర్ల గురించి అందరూ అడుగుతారు. మట్టిని ఆపుతాయి గానీ సున్నాన్ని అంతగా తీయలేవు. ఆ డబ్బుకు లోషన్ కొనుక్కోవడం మేలని నా లెక్క.

వీపు పైభాగాన నల్లటి పట్టీ

ఒకబ్బాయి చొక్కా వెనక్కి లాగి చూపించాడు. రెండు భుజాల మధ్య బూడిద కలిసిన గోధుమరంగు, అందులో గాలికి ఇసుక మీద పడే అలల్లాంటి గీతలు. "మైలన్నా, ఎంత రుద్దినా పోవడం లేదు" అన్నాడు. దేంతో రుద్దుతున్నావంటే, రెండు కొసలా పట్టుకుని లాగే నైలాన్ పీచుతో, మూడేళ్లుగా, రోజూ.

అది మైల కాదు, రుద్దుడే. ఒరిపిడి పడే కొద్దీ చర్మం రంగు ఎక్కువ తయారుచేస్తుంది, అది కిందిపొరల్లోకి జారి అక్కడే ఉండిపోతుంది. కొందరిలో అమైలాయిడ్ అనే ప్రోటీన్ కూడా పేరుకుని ఈ అలల గీతలు వస్తాయి. డాక్టర్లు మాక్యులర్ అమైలాయిడోసిస్ అంటారు, మన దేశంలో తరచుగా చూసేదే. మందు కంటే ముందు పీచు పారేయాలి. దురద ఉంటే దానికి వేరే చికిత్స ఉంది, డాక్టరుకు చూపించండి. నలుపు తగ్గడానికి నెలలు పడుతుంది, పూర్తిగా పోకపోవచ్చు కూడా. నలుగు పెట్టుకునే అలవాటుంటే సున్నిపిండి చేత్తో మెత్తగా రాసి కడిగేసుకోండి, తప్పులేదు. నిమ్మరసం, వంటసోడా మాత్రం వద్దు. పుండు పడితే కొత్త నలుపు మొదలవుతుంది.

మోచేతుల నలుపుకీ ఇదే కథ. రోజంతా లాప్‌టాప్ ముందు మోచేతులు బల్లకు ఆనించేవాళ్లు అద్దంలో చూసుకోండి.

వీపు మీద మొటిమలు, అవి మానాక మచ్చలు

కళ్లు మూసుకుని మచ్చ మీద వేలు పోనివ్వండి. ఏమీ తగలకపోతే అది కేవలం రంగు, దానంతటదే పల్చబడుతుంది. గుంటో గడ్డో తగిలితే నిజమైన మచ్చ, క్రీముకు లొంగదు. భుజాల మీద, ఛాతీ మీద గట్టిగా ఉబ్బి పెరిగేవాటికి డాక్టరు అందులోకే ఇంజెక్షన్ ఇస్తారు.

రంగు పోగొట్టడం కంటే ముందు కొత్త మొటిమలు ఆగాలి. తలకు రాసిన కొబ్బరినూనె, కడిగినప్పుడు వీపు మీదికి జారే కండిషనర్, జిమ్ నుంచి చెమట బనీనుతోనే గదికి రావడం, ల్యాప్‌టాప్ బ్యాగు ఒరిపిడి, ఇవే వాటిని తెచ్చేవి. జుట్టు కడిగాకే వీపు కడుక్కుంటే సగం తగ్గినవాళ్లున్నారు. బెంజాయిల్ పెరాక్సైడ్ వాష్ రాసి రెండు మూడు నిమిషాలు ఉంచి కడిగేయాలి. రంగు తువాళ్లు తెల్లబారి పీజీలో గొడవలవుతాయి కాబట్టి తెల్ల తువాలు వాడండి. మొటిమలకు పూసే అడపలీన్ లాంటి మందులు డాక్టరు చీటీ మీదే, గర్భిణులు వాడకూడదు. రంగుకు అజెలాయిక్ యాసిడ్ క్రీము నెమ్మదైనా మంచిది. దేనికైనా 8 నుంచి 12 వారాలు ఆగాలి. మెడ, చేతుల్లాంటి ఎండ తగిలే చోట్ల ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ లేకుండా ఇవన్నీ దండగ.

అన్నీ ఒకే సైజులో చిన్నచిన్న పొక్కులు, పైగా దురద ఉంటే మొటిమలు కాకపోవచ్చు, ఈస్ట్ అనే ఒక రకం ఫంగస్ వల్ల వచ్చినవై ఉండొచ్చు. వాటికి యాంటీబయాటిక్ వాడితే ఇంకా పెరుగుతాయి.

మెడ వెనక మఖమల్లాంటి నలుపు

దీన్ని రుద్దొద్దు, సుగర్ పరీక్ష చేయించుకోండి. ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు ఇలా వస్తుంది. బరువు తగ్గితే నలుపూ తగ్గుతుంది.

క్రీము రాస్తే వారంలో తెల్లబడింది, ఆపితే ఎక్కువైంది

నాకు కోపం తెప్పించేది ఇదే. ఒకమ్మాయికి వేరే ఏరియాలో ఏదో షాపువాడు చీటీ లేకుండానే ట్యూబు ఇచ్చాడు. అందులో స్టెరాయిడ్ ఉంది. తొడల్లో దురదకు రాస్తే వారం హాయిగా ఉంది, రెండు నెలలకు తామర నడుము దాకా పాకింది, చర్మం పల్చబడి ఎర్రటి చారలు పడ్డాయి. 2018లో కేంద్రం 14 స్టెరాయిడ్ పూత మందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, చీటీ లేనిదే అమ్మకూడదు. మీ ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ అని ఉంటే, ఎక్కువ రోజులుగా రాస్తుంటే, సొంతంగా ఒక్కసారిగా ఆపొద్దు, కొత్తది కొనొద్దు. చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఖర్చుకు భయపడితే విక్టోరియా, బౌరింగ్ ప్రభుత్వాసుపత్రుల్లో చర్మ విభాగాలున్నాయి. వెళ్లేటప్పుడు ట్యూబు ఖాళీ అయినా సరే పట్టుకెళ్లండి, దాని మీద పేరు చదివితే డాక్టరుకు సగం పని అయిపోతుంది.