మైదానంలో బాగా నడిచి, కొండ ఎక్కుతుంటే వేడెక్కే వ్యాన్: సమస్య - పరిష్కారం

కెనడాలో విన్నిపెగ్ నుంచి రెజైనా, మెడిసిన్ హ్యాట్, క్యాల్గరీల మీదుగా పాత వ్యాన్‌లో కొండల వైపు బయలుదేరే దంపతులు ప్రతి వేసవిలోనూ నాకు చెప్పే కథ ఒక్కటే. ప్రెయిరీల్లో, అంటే అక్కడి గడ్డి మైదానాల్లో, మూడు రోజులు ఇంజిన్ వేడి చూపే ముల్లు చోటు వదిలి కదలలేదు, గోల్డెన్ ఊరు దాటి రోజర్స్ పాస్ అనే కనుమ ఎక్కుతుండగా మాత్రం ఎర్రగీతను తాకింది. "ఇన్నాళ్లూ బాగానే నడిచింది కదా" అని వారు ఆశ్చర్యపోతారు. నిజానికి అది బాగా నడవలేదు, దానికి పరీక్ష ఎదురుకాలేదు. విన్నిపెగ్ సముద్రమట్టానికి సుమారు 240 మీటర్ల ఎత్తున, క్యాల్గరీ వెయ్యి మీటర్లకు కాస్త పైన ఉన్నా, ఆ ఎక్కుడంతా దాదాపు 1,300 కిలోమీటర్ల పొడవునా పరుచుకొని ఉండటం వల్ల ఇంజిన్‌కు ఆ బరువు తెలియదు. పైగా అక్కడ తరచుగా వీచే పడమటి గాలి ఎదురుగా వచ్చి, ఇంజిన్ వేడిని బయటికి వదిలే రేడియేటర్‌ను చల్లబరుస్తూ ఉంటుంది. 1,330 మీటర్ల రోజర్స్ పాస్ చేరే ఘాటులో వేగం తగ్గి, బరువు పెరిగేసరికి లోపం బయటపడుతుంది.

ముల్లు లేస్తున్నట్టు గమనించిన వెంటనే ఏసీ ఆపి, హీటర్‌ను పూర్తి వేడికి తిప్పి, గేరు తగ్గించి, వెడల్పాటి చోటు చూసి బండి నిలపాలి. రేడియేటర్ పై గొట్టాన్ని చేత్తో నిబ్బరంగా పట్టుకోగలిగేంత చల్లబడే వరకు రేడియేటర్ మూత జోలికి పోకూడదు.

ఇక కారణాలు. ముందుగా ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, మట్టం చూడాలి. ఇది నేను చెప్పవలసిన మాట కాదు, కానీ కూలెంట్ పారకాన్ని అదుపు చేసే థర్మోస్టాట్‌ను మార్పించుకొని వచ్చినవారిలో ఎందరో దీన్ని చూడకుండానే వచ్చారు. పక్కనున్న కూలెంట్ సీసా మీద పాత మరక గీతను చూసి నిండుగా ఉందని నమ్మేవారు ఎక్కువ. ఇంజిన్ పూర్తిగా చల్లబడ్డాక, మూత ఉన్న రేడియేటర్ అయితే మూత తీసి లోపలికి చూడాలి. చలికాలంలో గ్రిల్‌కు కట్టిన కప్పు గానీ అట్టముక్క గానీ ఇంకా అక్కడే ఉందేమో కూడా చూడాలి. నవ్వకండి, జులైలో నా చేతులతోనే రెండుసార్లు తీశాను.

ఊళ్లో నెమ్మదిగా పోతున్నప్పుడు వేడెక్కి, హైవే ఎక్కగానే తగ్గితే ఫ్యాన్‌ను అనుమానించాలి. ఎలక్ట్రిక్ ఫ్యాన్ అయితే ఏసీ వేయగానే తిరగాలి. బెల్టుతో నడిచే ఫ్యాన్‌ను ఇంజిన్ ఆపి చేత్తో తిప్పితే అడ్డూ ఆపూ లేకుండా గిర్రున తిరుగుతుంటే దాని క్లచ్ పోయినట్టే. ఎక్కుడులో మాత్రమే వేడెక్కి, దిగుడులో త్వరగా చల్లబడుతుంటే రేడియేటర్ గుండా గాలి పోవడం లేదని గానీ, నీరు సరిగా పారడం లేదని గానీ అర్థం. మైదానం దాటి వచ్చిన బండికి నేను మొదట గాలినే అనుమానిస్తాను.

ఆ అనుమానం నాకు ఊరికే రాలేదు. మా వ్యాన్ ఇలాగే వేడెక్కినప్పుడు ఒక గ్యారేజీలో థర్మోస్టాట్, ఆ తరువాత వాటర్ పంపు మార్చి డబ్బు తీసుకున్నారు, అయినా వేడి తగ్గలేదు. గ్రిల్ వెనుక రేకులు నిగనిగలాడుతూ ఉండటం వల్ల అటువైపు నాకు అనుమానమే కలగలేదు. స్విఫ్ట్ కరెంట్ దాటినప్పటి నుంచి బండి ఆగి ఉన్నప్పుడు ఏసీ చల్లగా రావడం లేదని మా ఆవిడ రెండుసార్లు చెప్పింది. గ్యాసు తగ్గి ఉంటుందని నేను కొట్టిపారేశాను. ఆ రెండు బాధలకూ కారణం ఒక్కటే. ముందు నుంచి కనిపించేది ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్, దాని వెనుక రెండు మూడు వేళ్ల సందు విడిచి రేడియేటర్ ఉంటుంది. కాటన్‌వుడ్ చెట్ల దూది, గోధుమ పొట్టు, మిడతల కాళ్లూ రెక్కలూ కండెన్సర్ అంచుల పక్క నుంచి దూరి ఆ సందులో పేరుకుంటాయి. ఇంజిన్ నుంచి కారిన కాస్త నూనె తగిలితే అదంతా కంబళిలా అతుక్కుపోతుంది. పై ప్లాస్టిక్ కప్పు విప్పి వేలితో గీరితే, అరచేయంత ముక్క బూడిదరంగు గొంగడిలా ఊడి వచ్చింది. రేడియేటర్ కింది సగం అంతా అదే.

చూడటానికి సులువైన ఉపాయం ఉంది: ఫోన్ దీపం వెలిగించి, కెమెరాలో వీడియో నడుస్తుండగా ఫోన్‌ను పై నుంచి ఆ సందులోకి దించితే, ముందు నుంచి కనిపించనిదంతా కనిపిస్తుంది. శుభ్రం చేసేటప్పుడు ఇంజిన్ చల్లగా ఉండాలి. పై బిగింపులు విప్పి, గొట్టాలు లాగబడకుండా రేడియేటర్‌ను కాస్త వెనక్కి వాల్చి, గిన్నెలు తోమే సబ్బునీళ్లు చల్లి పావుగంట నాననివ్వాలి. ఆ తరువాత తోటకు నీళ్లు పట్టే మామూలు పైపుతో ఇంజిన్ వైపు నుంచి ముందువైపుకు నీళ్లు కొట్టాలి. ముందు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి దిగబడుతుంది. కార్ వాష్‌లోని ప్రెషర్ పైపు వాడితే సన్నటి రేకులు మడతపడి, ఉన్న గాలి దారి కూడా మూసుకుపోతుంది. బండికి కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ మీద ప్లాస్టిక్ సంచి కప్పడం మరిచిపోకూడదు. ఒక్కసారితో వదలదు. కిందికి దిగే నీళ్లు తేటగా వచ్చే వరకు మూడు నాలుగు సార్లు చేయవలసి ఉంటుంది.

ఇంజిన్ తలకూ దిమ్మకూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయిందని భయపెట్టేవారు ఎక్కడైనా ఉంటారు. ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గిపోతుంటే గానీ, పొగగొట్టం నుంచి తియ్యటి వాసనతో తెల్లపొగ వస్తుంటే గానీ దాన్ని అనుమానించాలి. లోపల మూసుకుపోయిన రేడియేటర్, అరిగిపోయిన పంపు కూడా ఉంటాయి, అయితే అవి నాకు అరుదుగా తగిలాయి.

కడిగిన తరువాత పరీక్షకు మళ్లీ రోజర్స్ పాస్ దాకా పోవలసిన పని లేదు. తిరుగు ప్రయాణంలో ఫీల్డ్ ఊరి నుంచి కికింగ్ హార్స్ పాస్ వైపు తూర్పుగా ఎక్కేటప్పుడు ఏసీ వేసే ఉంచండి. ముల్లు ఉన్నచోటే ఉండి, ఏసీ చల్లగా వస్తూంటే మిగతా ప్రయాణం నిశ్చింతగా సాగించవచ్చు.