హైరింగ్ హాల్ ఫిర్యాదును చదవడం – నాలుగో పాఠం: వరుస తప్పినప్పుడు

గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం ఒకే చోట దారి తప్పాయి. అందుకే ఈ వారం మొదలుపెట్టవలసిన ఫీజుల విషయాన్ని వాయిదా వేసి, ఆ చోటికే తిరిగి వెళుతున్నాను. హైరింగ్ హాల్ అంటే అమెరికాలో యూనియన్ నడిపే, జాబితా వరుస ప్రకారం కార్మికులను పనికి పంపే చోటు; అలా పంపేవాడు డిస్పాచర్. అభ్యాసంలోని సంగతి ఇది: పనికోసం ఎదురుచూసేవారి జాబితాలో ఒక వెల్డర్ పేరు మూడోది, డిస్పాచర్ పాత కాగితం చూసి ఐదో పేరువాడిని పనికి పంపాడు, తప్పు తెలియగానే జాబితాను సరిచేశాడు. వరుస తప్పింది, కూలి పోయింది, కనుక యూనియన్ తన న్యాయమైన ప్రాతినిధ్య బాధ్యతను, అంటే అందరి పట్లా న్యాయంగా నడుచుకోవలసిన బాధ్యతను, ఉల్లంఘించిందని చాలామంది రాశారు. ఆ వెల్డర్ కూలి పోయిన మాట నిజమే. అయినా ఆ జవాబు నిలవదు.

హాలు ఎలా నడుస్తుందో మొదటి పాఠంలో చూశాం కాబట్టి మళ్లీ చెప్పను. ఒక్క సంగతి మాత్రం గుర్తు చేస్తాను. మన అడ్డాల మీద నిలబడ్డ కూలీలను మేస్త్రీ వేలు చూపి పిలుచుకున్నట్టే, 1934కు ముందు శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో కూడా మనుషులను ఏరుకునేవారు. ఆ ఏడాది జరిగిన పెద్ద సమ్మె తర్వాత వచ్చిన హాలులో డిస్పాచర్‌ను ఎంచుకునే హక్కు యూనియన్‌కు దక్కింది. మేస్త్రీ చేతిలో ఉన్న ఆ అధికారం యూనియన్ చేతికి వచ్చింది కాబట్టే ఈ బాధ్యత అంత బరువైనది. షీట్ మెటల్ కార్మికుల లోకల్ 6 (యూనియన్ స్థానిక శాఖ) కేసులో 1989లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే: హాలు నడిపే యూనియన్ యజమాని పాత్రను తన మీద వేసుకుంటుంది కాబట్టి, న్యాయంగా నడుచుకోవలసిన బాధ్యత దానికి పెరుగుతుందే తప్ప తగ్గదు. యూనియన్ ఎన్నికల్లో ప్రత్యర్థిని సమర్థించినందుకు తనను పనికి పంపడం లేదని అక్కడి కార్మికుడి ఆరోపణ. దాన్ని ఫెడరల్ కోర్టులో కూడా విచారించవచ్చని తీర్పు వచ్చింది.

అంత బరువైన బాధ్యత ఉన్నప్పుడు మన వెల్డర్ ఎందుకు గెలవడు? ఉల్లంఘన జరిగిందా అని చూడటానికి 1967 నాటి సుప్రీంకోర్టు వాకా తీర్పు మూడు కొలతలు ఇచ్చింది: నిర్హేతుకత, వివక్ష, దురుద్దేశం. ఈ మూడింటిలో పాఠకులను తప్పుదారి పట్టించేది మొదటిదే. "నిర్హేతుకం" అన్న మాట వినగానే "కారణం లేకుండా జరిగినది" అని అర్థం చేసుకుంటాం. పాత కాగితం చూడటానికి కారణమేమీ ఉండదు కనుక అదీ నిర్హేతుకమే అనిపిస్తుంది. అయితే విమాన పైలట్ల యూనియన్ కేసులో 1991లో సుప్రీంకోర్టు ఈ మాటకు హద్దు గీసింది: యూనియన్ నడవడి సహేతుకమైన విశాల పరిధిని పూర్తిగా దాటిపోతేనే అది నిర్హేతుకం. కాలిఫోర్నియాలోని స్టీమ్‌ఫిట్టర్ల (ఆవిరి గొట్టాలు బిగించేవారి) లోకల్ 342 కథ ఈ హద్దు మీదే నడిచింది. పొరపాటున ఒక కార్మికుడిని వరుస ప్రకారం పంపకపోవడం ఉల్లంఘన కాదని, ఇటువంటి ఫిర్యాదులను విచారించే ప్రభుత్వ సంస్థ అయిన జాతీయ కార్మిక సంబంధాల బోర్డు 1991 తీర్పును ఆధారం చేసుకుని 1999లో తేల్చింది. హాలు నడిపే యూనియన్‌కు ఉన్న బరువైన బాధ్యత వెలుగులో మళ్లీ చూడమని డీసీ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీళ్ల కోర్టు దాన్ని 2000లో తిప్పి పంపింది. 2001లో బోర్డు తన మాటకే కట్టుబడి, ఆ బరువైన బాధ్యత కింద చూసినా తెలియక జరిగిన వట్టి పొరపాటు ఉల్లంఘన కాదంది. 2003లో అదే కోర్టు ఆ మాటను నిలబెట్టింది. ఈ నాలుగు మెట్లూ కంఠస్థం చేయండి.

ఇప్పుడు మన వెల్డర్ కథలో ఒక్కొక్క అంశాన్నే మార్చి చూడండి. డిస్పాచర్ సరైన కాగితమే చూశాడు, కానీ "వాడు మొన్న మీటింగుకు రాలేదు" అనుకుని దాటేశాడు: వివక్ష. పాత కాగితం సంగతి ముగ్గురు ముందే చెప్పినా దాన్నే వాడుతూ పోయాడు: పొరపాటు అన్న సాకు ఇక బలహీనపడుతుంది. జాబితా రాసిపెట్టలేదు, వరుస అంతా డిస్పాచర్ తలలోనే ఉంది: ఇది పొరపాటు కథ కానే కాదు, వస్తుగతమైన ప్రమాణం లేకపోవడమే ఇక్కడి దోషం. డీసీ సర్క్యూట్ 1995లో, మరో అప్పీళ్ల కోర్టు అయిన తొమ్మిదో సర్క్యూట్ 2003లో హాళ్ల విషయంలో గట్టిగా పట్టుబట్టింది ఇటువంటి ప్రమాణాల మీదే. వెల్డర్ తన వరుస తెలుసుకోవడానికి రికార్డు చూపించమంటే సరైన కారణం లేకుండా నిరాకరించారు: ఇది వేరే ఉల్లంఘన, పని దక్కిందా లేదా అన్నదానితో సంబంధం లేదు. ఆ వెల్డర్ యూనియన్ సభ్యుడే కాదు: ఏమీ మారదు. సభ్యత్వం లేనివారి పట్లా ఇదే బాధ్యత ఉంటుంది. దీన్ని మరిచినవారు మొదటి పాఠాన్ని మళ్లీ చదవాలి.

తెలిసి వరుస తప్పించిన సందర్భంలో బోర్డు ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. అలా తప్పించడం యూనియన్ బలాన్ని కార్మికులకు చూపించి, వారిని దానివైపు ఒత్తిడి చేస్తుందని ముందుగానే ఊహించి, ఆ పని అవసరమని నిరూపించే భారాన్ని యూనియన్ మీద పెడుతుంది. కాబట్టి వరుస తప్పిందన్న ఏ ఫిర్యాదులోనైనా అసలు ప్రశ్న "తెలిసా, తెలియకా" అన్నదే.

నా పద్ధతి చెబుతాను. ఎవరైనా గోడు చెప్పుకోవడానికి వస్తే, ముందు తేదీ అడుగుతాను: సంగతి ఎప్పుడు తెలిసింది? బోర్డు దగ్గర ఫిర్యాదుకు గడువు ఆరు నెలలే. ఆ గడువు దాటిన తర్వాత నాకు తెలిసిన మంచి వాదనలెన్నో వృథా అయ్యాయి, అది ఇప్పటికీ బాధిస్తుంది. రెండోది, డిస్పాచ్ రికార్డులో "కారణం" గడి. అది ఖాళీగా ఉన్న వరుసలకు ఎర్ర గీత పెట్టి, ఆ పేర్లలో ఏదైనా పోలిక ఉందేమో వెతుకుతాను. మనిషి చెప్పేది ఆ తర్వాతే వింటాను. ముందే వింటే కళ్లు ఒక వైపే చూస్తాయి.

అభ్యాసం: పన్నెండు వరుసల డిస్పాచ్ రికార్డు మీరే తయారు చేయండి. రెండు చోట్ల వరుస తప్పాలి. ఒకటి పొరపాటు, రెండోది పక్షపాతం. ఏది ఏదో ఎక్కడా రాయకూడదు, చదివేవారు గడులను బట్టే పట్టుకోగలగాలి. వాటిలో ఒకటి ఫిర్యాదుకు ఏడు నెలల ముందు జరిగి, కార్మికుడికి మాత్రం మూడు నెలల క్రితమే తెలిసి ఉండాలి. తర్వాత కార్మికుడి ఫిర్యాదు ఒక పేజీలో, యూనియన్ జవాబు ఒక పేజీలో రాయండి. రెండూ సమానమైన శ్రద్ధతో రాయాలి.