చీరల ఫోటోగ్రఫీ: అసిస్టెంట్ పాఠాలు – 4. రంగు తేడా రాకుండా

పోయిన పాఠంలో బొమ్మకు చీర కట్టి కుచ్చిళ్లకు పిన్నులు పెట్టడం చూశాం. ఈసారి రంగు. ఆన్‌లైన్‌లో అమ్మే చీర వెనక్కి వచ్చిందంటే చాలాసార్లు కారణం ఒకటే: ఫోటోలో ఒక రంగు, చేతికొచ్చింది ఇంకో రంగు. కెమెరా పట్టింది సారే అయినా లైట్లు సర్దింది మీరు కదా, మాట పడేదీ మీరే.

ముందు గదిలో ట్యూబ్‌లైట్లన్నీ ఆర్పేసి, కిటికీకి పరదా వేయండి. వెలుగు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపు. స్టూడియో ఫ్లాష్ వెలుగు సుమారు 5500 కెల్విన్, పాతరకం పసుపు బల్బుది 3000కి అటూఇటూ. రెండూ చీర మీద కలిస్తే ఒకపక్క సరిచేసినప్పుడల్లా ఇంకోపక్క పాడవుతుంది. తర్వాత గ్రే కార్డు (రంగు సరిచూసుకోవడానికి వాడే బూడిదరంగు అట్ట) చీర దగ్గరే పట్టుకుని ఒక ఫోటో తీయించండి. లైటు జరిపినప్పుడల్లా మళ్లీ తీయాల్సిందే. అన్నట్టు, ఎర్ర టీషర్టు వేసుకుని తెల్ల చీర పక్కన నిలబడకండి, ఆ ఎరుపు చీర మీద పడుతుంది. నల్ల చొక్కా మేలు.

అసలు తలనొప్పి ఒడిశాలోని మన బరంపురం పట్టులో డబుల్ షేడ్ చీరలతో. పడుగు (నిలువు దారం) ఎరుపు, పేక (అడ్డ దారం) ఆకుపచ్చ అనుకోండి. పల్లూ కొస పట్టుకుని మెల్లగా వంచి చూడండి, మడత మీద ఒక రంగు, లోపల ఇంకో రంగు. లైటు ఎదురుగా పెడితే రెండూ కలిసి బురద రంగులో కనిపిస్తాయి. సాఫ్ట్‌బాక్స్‌ను (వెలుగును మెత్తబరిచే తెల్లగుడ్డ పెట్టెలాంటి లైటును) పక్కకు, 45 డిగ్రీల దగ్గరకు జరపండి. మడతలు లేస్తాయి, రెండు రంగులూ విడివిడిగా తెలుస్తాయి. ఈ పట్టుకు జీఐ (భౌగోళిక) గుర్తింపు ఉంది, దూరం నుంచి కొనేవాళ్లు అంచు మీద కుంభాలు (గుడి గోపురాల్లా కోసుగా లేచే నమూనా) వెతుకుతారు. వాటి పళ్లు స్పష్టంగా కనిపించేలా అంచును సాఫీగా పరవండి.

జరీ మరీ మెరుస్తోందా? పోలరైజర్ (మెరుపు తగ్గించే లెన్స్ ఫిల్టర్) మీద ఆశ పెట్టుకోకండి, లోహపు మెరుపు దానికి లొంగదు. లైటునే కాస్త తిప్పాలి.

ఈ వారం అభ్యాసం: ఒకే డబుల్ షేడ్ చీరను లైటు ఎదురుగా ఒకసారి, పక్కన ఒకసారి పెట్టి తీయండి. ఏది చీరలా ఉందో నేతగాళ్లనే అడగండి. వాళ్లలో మన తెలుగువాళ్లు చాలామంది, మొహమాటం లేకుండా చెప్తారు. ఫోటోలు ఫోన్‌లోనే చూపించండి, కానీ ముందు తెరను పసుపుగా మార్చే నైట్ మోడ్ ఆపేయండి.