దారం అయిపోతే లేవండి

చేతి ఎంబ్రాయిడరీ పట్టుకుంటే గంటలు తెలియవు. ఫోన్లో అలారం పెట్టుకున్నా, అది ఆపేసి మళ్లీ కుట్టుకుంటూ కూర్చుంటాం. దానికన్నా దారాన్నే నమ్ముకోండి. సూదిలోకి మూరెడు దారమే ఎక్కించి, దారాల డబ్బా పక్క గదిలో పెట్టండి. పొడుగు దారం ఎలాగూ చిక్కుపడుతుంది, పోగులు లేస్తుంది. అయిపోయినప్పుడల్లా లేవక తప్పదు. అక్కడే నిలబడి ఓ 20 సార్లు మడమలెత్తి దించండి. పిక్కలు బిగిసి వదులైతే కాళ్లలోని రక్తం గుండెవైపు బాగా ఎక్కుతుంది. భుజాలు తిప్పండి, కిటికీలోంచి దూరంగా చూడండి.

ఇది నడకకు బదులు మాత్రం కాదు. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడకలాంటి వ్యాయామం కావాలంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. సాయంత్రం వెలుతురు తగ్గి రంగులు సరిగా తెలియని వేళ నడకకు వెళితే కుట్టుపనికీ నష్టం ఉండదు.