కశ్మీర్ టికెట్లు కొనేముందు మీ యూకే పాలసీ తెరిచి చూడండి

మా ఆయన మణికట్టు గుల్మార్గ్‌లో విరిగింది. 2024 ఫిబ్రవరి. గొండోలా (కేబుల్ కార్) దిగి నాలుగు అడుగులు వేశారో లేదో మంచు మీద కాలు జారింది. పడుతూ చెయ్యి కింద పెట్టారు. శ్రీనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. బిల్లు 1,64,000 రూపాయలు. డాక్టర్లు బాగా చూశారు, చెయ్యి ఇప్పుడు మామూలుగానే పనిచేస్తోంది. డబ్బు గురించి మాకు టెన్షన్ కూడా లేదు, ఎందుకంటే ఇంట్లో నలుగురికీ కలిపి యాన్యువల్ మల్టీ ట్రిప్ పాలసీ, అంటే ఏడాదిలో చేసే ప్రయాణాలన్నిటికీ కలిపి ఒకే ట్రావెల్ ఇన్సూరెన్స్, ఉంది. ఏటా కడుతున్నాం.

యూకేలో మేముండే రీడింగ్ ఊరికి తిరిగొచ్చి కాగితాలన్నీ పంపాక నాలుగో వారంలో ఉత్తరం వచ్చింది. క్లెయిమ్ ఇవ్వరట. బ్రిటిష్ విదేశాంగ శాఖ, అంటే ఎఫ్‌సీడీఓ, వెళ్లొద్దని చెప్పిన ప్రాంతానికి మేం వెళ్లామట.

నాకు ముందు కోపమే వచ్చింది. నేను పుట్టింది నరసరావుపేటలో. అప్పటికి మా ఇద్దరివీ ఇండియన్ పాస్‌పోర్టులే. మన దేశంలో మనం తిరగడానికి లండన్‌లో కూర్చున్నవాళ్ల సలహా ఏంటి అనుకున్నాను. కానీ పాలసీ పుస్తకం తీసి చదివితే ఆ షరతు స్పష్టంగా ఉంది. పాలసీ మన పాస్‌పోర్టు చూడదు, మనం ఎక్కడ కాపురం ఉంటున్నామో చూస్తుంది. యూకేలో నివాసం ఉండి యూకేలో కొన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ అయితే దాదాపు ఎప్పుడూ ఎఫ్‌సీడీఓ సలహాకే కట్టుబడి ఉంటుంది. ఈ ఒక్క సంగతి తెలియక మా స్నేహితుల్లోనే మూడు కుటుంబాలు సెలవులకు ఇంటికెళ్లి అటునుంచి కశ్మీర్ చూసొచ్చాయి. వాళ్లకేమీ కాలేదు కాబట్టి వాళ్లకింకా తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

మొదట చేయాల్సింది ఎఫ్‌సీడీఓ పేజీ చదవడం. గవ్ డాట్ యూకేలో ప్రతి దేశానికీ ఒక ట్రావెల్ అడ్వైస్ పేజీ ఉంటుంది. ఇండియా పేజీ తెరిచి వీసా సంగతులు చూసి మూసేస్తాం మనం. చూడాల్సింది ‘వార్నింగ్స్ అండ్ ఇన్సూరెన్స్’ అనే భాగం, దాంతోపాటు ప్రాంతాలవారీగా రాసిన ‘రీజనల్ రిస్క్స్’. హెచ్చరికలు రెండు రకాలు. ఒకటి, అసలు వెళ్లొద్దు అనడం. రెండోది, తప్పనిసరైతే తప్ప వెళ్లొద్దు అనడం. ఏది తప్పనిసరో మనమే నిర్ణయించుకోవాలని ప్రభుత్వం అంటుంది. ఇవేవీ చట్టపరమైన నిషేధాలు కావు. వెళ్తే ఎవరూ ఆపరు, కేసు పెట్టరు. పోయేది ఇన్సూరెన్స్.

ఇండియా విషయంలో మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది జమ్ముకశ్మీర్‌లోనే. శ్రీనగర్, గుల్మార్గ్, పహల్గాం, సోన్‌మార్గ్, జమ్ము నుంచి శ్రీనగర్ వెళ్లే హైవే, అన్నీ ‘అసలు వెళ్లొద్దు’ కింద ఉన్నాయి. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపాక పెట్టిన హెచ్చరిక కాదిది, అంతకుముందు చాలా ఏళ్ల నుంచీ ఉంది. మినహాయింపులు ఏమిటంటే జమ్ము నగరానికి విమానంలో వెళ్లి రావడం, జమ్ము నగరంలో తిరగడం, లద్దాఖ్‌లో తిరగడం. ఇక్కడ ప్రతి మాటా లెక్కే. విమానంలో అన్నారు. ఢిల్లీ నుంచి రైలెక్కితే కఠువా, సాంబా దాటుకుని జమ్ముతావి చేరతాం, ఆ దారి మినహాయింపులో లేదు. జమ్ము నగరం అన్నారు. వైష్ణోదేవి గుడికి వెళ్లే కట్రా జమ్ము నుంచి యాభై కిలోమీటర్ల దూరం. అంటే కట్రా కూడా హెచ్చరిక ఉన్న ప్రాంతమే. 2025 జూన్‌లో కట్రా నుంచి శ్రీనగర్‌కి వందేభారత్ మొదలయ్యాక, వచ్చే సెలవులకు మనమూ ఎక్కుదామా అని మా వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ఉత్సాహం. ఎక్కండి, కానీ మీ యూకే పాలసీ ఆ రైల్లో మీతో ఉండదని తెలుసుకుని ఎక్కండి.

పాకిస్తాన్ సరిహద్దుకు పది కిలోమీటర్లలోపు వెళ్లొద్దనే హెచ్చరిక కూడా ఉంది. అమృత్‌సర్ స్వర్ణదేవాలయం చూసి సాయంత్రం సరిహద్దు దగ్గర జెండా దించే వేడుకకు వెళ్దామనుకునేవాళ్లు ఆ పేరా పూర్తిగా చదవాలి. మణిపూర్‌కి వేరే హెచ్చరిక ఉంది. ఇవి మారుతూ ఉంటాయి కాబట్టి నా మాట మీద ఆధారపడకుండా, టికెట్ కొనేరోజు ఒకసారి, బయల్దేరేరోజు ఒకసారి పేజీ తెరవండి. తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. మార్పులు మెయిల్‌కి వచ్చేలా ఆ పేజీలోనే సైన్ అప్ కావచ్చు.

తర్వాత పాలసీ. రెండు పేజీల సారాంశం చాలదు, పూర్తి పాలసీ వర్డింగ్ పీడీఎఫ్ తెరవండి. అందులో ఎఫ్‌సీడీఓ అని వెతికితే నాలుగైదు చోట్ల దొరుకుతుంది. కొన్ని పాలసీలు ‘అసలు వెళ్లొద్దు’ అన్నచోట మాత్రమే కవర్ ఆపేస్తాయి. కొన్ని ‘తప్పనిసరైతే తప్ప’ అన్నచోట కూడా ఆపేస్తాయి. అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది, కవర్ పోయేది ఆ ప్రాంతంలో ఉన్న రోజులకేనా, మొత్తం ప్రయాణానికా అన్నది. మనం సాధారణంగా నాలుగు వారాలు వెళ్తాం, అందులో కశ్మీర్ అయిదు రోజులే. మిగతా రోజుల్లో విజయవాడలో పిల్లాడికి డెంగీ వస్తే ఇస్తారా ఇవ్వరా?

మాకు జరిగింది సరిగ్గా అలాంటిదే. లండన్ నుంచి ఢిల్లీ వచ్చేటప్పుడు ఒక బ్యాగు పోయింది, 380 పౌండ్ల క్లెయిమ్. గుల్మార్గ్ ఇంకా చూడనే లేదు అప్పటికి. అయినా అదే ఉత్తరంలో దాన్నీ తిప్పి పంపారు. పాలసీలో ఉన్న వాక్యం ప్రకారం మినహాయింపు ‘ఆ ప్రాంతానికి’ మాత్రమే వర్తిస్తుందని చూపించి రాస్తే బ్యాగు డబ్బులు వచ్చాయి. చెయ్యి డబ్బులు రాలేదు.

మీ సందేహం ఫోన్‌లో అడిగితే అవతలివాళ్లు ‘ఇండియా కవర్ అవుతుంది’ అని ఊరుకుంటారు. నిజమే చెప్తున్నారు, మనకు కావలసిన జవాబు మాత్రం కాదది. మెయిల్ రాయండి. ఊర్ల పేర్లతో, తేదీలతో రాయండి. ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా కట్రాలో ఉంటాం, ఆ రోజుల్లో వైద్య ఖర్చులు వస్తాయా, అక్కణ్ణించి తిరిగి హైదరాబాద్ వచ్చాక పాలసీ మళ్లీ మామూలుగా పనిచేస్తుందా, మేం అక్కడున్నప్పుడు కొత్త హెచ్చరిక వస్తే ఎన్నాళ్లలో బయటపడాలి, ఈ మూడూ అడగండి. జవాబు ప్రింట్ తీసుకోండి.

ఆ చివరి ప్రశ్న ఎందుకంటే, మనం బయల్దేరేటప్పుడు ఏ హెచ్చరికా లేకుండా, వెళ్లాక వస్తే చాలా పాలసీలు కవర్ కొనసాగిస్తాయి, వీలైనంత త్వరగా అక్కణ్ణించి బయటపడాలనే షరతుతో. 2025 మే 7 తర్వాత ఉత్తర భారతంలో విమానాశ్రయాలు మూతపడ్డప్పుడు చండీగఢ్‌లోనో అమృత్‌సర్‌లోనో చిక్కుకున్నవాళ్లకు ఇదే ముఖ్యమైన ప్రశ్న. టికెట్లు కొన్నాక, బయల్దేరకముందే హెచ్చరిక వస్తే క్యాన్సిలేషన్ డబ్బు వస్తుందా అన్నది ఒక్కో పాలసీలో ఒక్కో రకంగా ఉంటుంది. విమానం, హోటల్ కలిపి ప్యాకేజీగా కొన్నవాళ్లు ముందు ఆ టూర్ కంపెనీనే అడగాలి, 2018 నాటి ప్యాకేజీ ట్రావెల్ నిబంధనల కింద వాళ్లు రీఫండ్ ఇవ్వాల్సి రావచ్చు. హెచ్చరిక ఉందని తెలిసి కొన్న టికెట్‌కి మాత్రం దాని పేరుతో డబ్బు అడగలేం.

అయినా వెళ్లక తప్పదంటే దారులున్నాయి. మొక్కు ఉంటుంది, పెళ్లి ఉంటుంది, నేను వద్దనను. హెచ్చరిక ఉన్న ప్రాంతాలకు కూడా కవర్ ఇచ్చే ప్రత్యేక పాలసీలు యూకేలో దొరుకుతాయి. ప్రీమియం ఎక్కువ. యూకే దాటకముందే కొనాలి. ఉగ్రదాడిలో గాయపడితే వైద్య ఖర్చు ఇస్తారా, అక్కణ్ణించి పెద్ద ఆసుపత్రికి తరలించే ఖర్చు ఉందా, బీపీ, షుగర్ లాంటివి చెప్పాక కూడా ఒప్పుకున్నారా, ఇవి చూడండి. ఆరోగ్యం గురించి అడిగినవాటికి ఒక్కటీ దాచొద్దు, దాస్తే వాళ్లకు ఇంకో కారణం దొరుకుతుంది.

ఇంకో దారి చాలామందికి తట్టదు. ఇండియాలో మీ పేరున హెల్త్ ఇన్సూరెన్స్ ఉంటే దానికి ఎఫ్‌సీడీఓతో సంబంధం లేదు. దానికి శ్రీనగర్ అయినా శ్రీకాకుళం అయినా ఒకటే. ఎన్నారైలకు కూడా ఈ పాలసీలు ఇస్తారు. కొత్తగా తీసుకుంటే జబ్బులకు మొదటి ముప్పై రోజులు వర్తించదు కానీ ప్రమాదాలకు ఆ ఆగుడు ఉండదు. ముందు నుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. ఆసుపత్రి బిల్లు వరకే అది. పోయిన బ్యాగు, తప్పిపోయిన విమానం, మనల్ని యూకేకి తిరిగి చేర్చే ఖర్చు అందులో రావు. అమ్మానాన్నల పాలసీ ఇండియాదే కాబట్టి వాళ్లకు ఈ సమస్యే లేదు.

తెలుగు రాష్ట్రాల నుంచి విదేశాలకు వెళ్లేవాళ్లు ఇదే పని తిరగేసి చేయాలి, చూడాల్సింది మన విదేశాంగ శాఖ సలహాలు. 2024 ఏప్రిల్ 12న ఇరాన్, ఇజ్రాయెల్ వెళ్లొద్దన్నారు. 2025 సెప్టెంబరులో నేపాల్ గొడవలప్పుడు ప్రయాణాలు వాయిదా వేసుకోమన్నారు. అలాంటి సలహా గురించి మీ పాలసీలో ఏం రాశారో, యుద్ధం గురించి ఏం రాశారో కొనేముందే చదవండి.

క్లెయిమ్ తిరస్కరిస్తే ఊరుకోవద్దు. ఫిర్యాదు అని స్పష్టంగా పేరు పెట్టి కంపెనీకి రాయండి. తుది జవాబు ఇవ్వడానికి వాళ్లకు ఎనిమిది వారాలు. అది నచ్చకపోతే, లేదా ఎనిమిది వారాలైనా రాకపోతే, ఇన్సూరెన్స్ లాంటి కంపెనీలకూ కస్టమర్లకూ మధ్య తగవులు తీర్చే ఫైనాన్షియల్ ఆంబుడ్స్‌మన్ సర్వీస్‌కి వెళ్లొచ్చు. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు. తుది జవాబు వచ్చిన ఆరు నెలల్లోపు వెళ్లాలి. యూకేలో 2015 ఇన్సూరెన్స్ చట్టం పదకొండో సెక్షన్ అని ఒకటుంది. కొన్ని రకాల షరతుల విషయంలో, ఆ షరతు తప్పినందువల్ల జరిగిన నష్టానికి అవకాశం పెరగలేదని మనం చూపగలిగితే, దాన్ని సాకుగా చూపి డబ్బు ఆపకూడదని దాని సారం. హెచ్చరిక పెట్టింది ఉగ్రదాడుల భయంతో, చెయ్యి విరిగింది మంచు మీద జారి. ఈ వాదన ప్రతి కేసులో నిలుస్తుందని చెప్పను. రాయడం మాత్రం రాయాలి. మేం తుది జవాబు వచ్చాక అలసిపోయి ఆ ఉత్తరాన్ని సొరుగులో పెట్టేశాం. నేను ఈ సెక్షన్ గురించి చదివేసరికి ఏడో నెల నడుస్తోంది.

ఈ డిసెంబరులో అమ్మ మొక్కు తీర్చుకోవాలి. వైష్ణోదేవి దర్శనం, నాన్న గుండె ఆపరేషన్ అప్పుడు మొక్కుకుంది. అమ్మానాన్నలతో తమ్ముడు, మా ఆయన కొండెక్కుతారు. మా ఆయనకు ప్రత్యేక పాలసీ తీసుకున్నాం, కట్రా పేరు రాసి ఉన్న మెయిల్‌తో సహా. పిల్లలు, నేను ఢిల్లీ నుంచి విమానంలో జమ్ము వెళ్లి, ఆ మూడు రోజులూ నగరం దాటకుండా రఘునాథ్ మందిరం దగ్గర్లో ఉంటాం. పాలసీ నంబరు, ఇరవై నాలుగు గంటలూ పలికే ఎమర్జెన్సీ ఫోన్ నంబరు అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాసి తమ్ముడి జేబులో ఒకటి, అమ్మ చేతిసంచిలో ఒకటి పెడుతున్నాను. ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే ముందు ఆ నంబరుకు చేయమని ఇద్దరికీ చెప్పాను.