సిగరెట్ మానడానికి నికోటిన్ గమ్ ఎలా వాడాలి?

ఒకప్పుడు రోజుకో పెట్టె కాల్చినవాణ్ని. ఇప్పుడు మందుల షాపు నడుపుతున్నాను. సిగరెట్‌కు అలవాటు పడేలా చేసే నికోటిన్‌నే పొగ లేకుండా కొద్దికొద్దిగా అందించి, కోరికను అణిచే చూయింగ్ గమ్‌నూ అమ్ముతాను. "గమ్ పని చేయలేదండీ" అంటూ సగం వాడిన స్ట్రిప్పు తెచ్చి కౌంటరు మీద పడేసేవాళ్లను చూసి చూసి విసుగొచ్చింది.

ముందు తేదీ పెట్టుకోండి. పండగ వద్దు, పుట్టినరోజు వద్దు, ఎల్లుండి చాలు. ముందు రోజు రాత్రే పెట్టె, లైటరు, యాష్‌ట్రే బయట పారేయండి. రోజుకొకటి చొప్పున తగ్గిస్తాననకండి. పది నుంచి ఐదుకు దిగినవారు ఆ ఐదింటినీ ఫిల్టరు దాకా గుండెల నిండా పీలుస్తారు. ఒక్కసారే ఆపాలి.

నిద్ర లేచిన అరగంటలోపే వెలిగించేవారికి 4 మిల్లీగ్రాముల గమ్, మిగతావారికి 2. గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణులు, 4 వాడబోయేవారు ముందు డాక్టరును అడగాలి.

ఇక నమలడం. అందరూ బోల్తా పడేది ఇక్కడే. ఒకాయన నా ఎదుటే గమ్ విప్పి, మేక ఆకు నమిలినట్టు గబగబా నమిలి, రసమంతా మింగాడు. కాసేపటికే ఎక్కిళ్లు. గమ్ కాగితంలో ఉమ్మేసి, ఎదురుగా ఉన్న టీ కొట్టుకు వెళ్లి సిగరెట్ వెలిగించాడు!

ఇది బబుల్‌గమ్ కాదు. నెమ్మదిగా పది, పదిహేను సార్లు కొరకండి. మిరియం తగిలినట్టు నాలుక చురుక్కుమనగానే ఆపండి. గమ్‌ను బుగ్గకూ పళ్ల చిగుళ్లకూ మధ్య దాచి, దవడ కదపకుండా ఉండండి. చురుకు తగ్గాక మళ్లీ కొరికి, ఈసారి రెండో బుగ్గన పెట్టండి. ఒక్కో గమ్ అరగంట నడవాలి. నికోటిన్ నోటి లోపలి పొర నుంచే రక్తంలో కలవాలి. మింగితే కడుపులో మంట, వికారం తప్ప ఫలితం ఉండదు.

గమ్‌కు పావుగంట ముందు నుంచీ, అది నోట్లో ఉన్నంతసేపూ టీ, కాఫీ, సోడా, నిమ్మరసం ముట్టవద్దు. ఆ పులుపుకు నికోటిన్ ఒంటికి పట్టదు. మనవాళ్లకు సిగరెట్ కన్నా ఈ టీ ఆపడమే కష్టం.

మరో పొరపాటు, కోరిక ముంచుకొచ్చాక గమ్ వెతుక్కోవడం. సిగరెట్‌లోని నికోటిన్ పది సెకన్లలో మెదడుకు చేరుతుంది, గమ్‌కు చాలా నిమిషాలు పడుతుంది. అందుకే గంట, రెండు గంటలకొకటి గడియారం చూసి వేసుకోండి. ఆరు వారాలయ్యాక తగ్గిస్తూ పన్నెండో వారానికి ఆపేయాలి. మొదటి మూడు రోజులూ చిరాకు, నిద్రలేమి తప్పవు. గమ్‌కు బదులు కొందరు నమిలే యాలకులు, లవంగాలు నోరు ఊరించడానికే. నేను వాటిని లెక్కలోకి తీసుకోను.

నికోటిన్ మానడానికి నికోటినే తినాలా అంటారు. నికోటిన్ వ్యసనంలో కట్టేస్తుంది. ఊపిరితిత్తులనూ గుండెనూ తినేసేది ప్రధానంగా పొగలోని తారు, కార్బన్ మోనాక్సైడ్ వంటివి. గమ్‌లో పొగ లేదు. మానిన ఏడాదికి పొగ వల్ల పెరిగిన గుండెజబ్బు ముప్పు దాదాపు సగానికి తగ్గుతుంది.

పెట్టె పారేసే ముందు దాని మీదున్న ఉచిత సహాయ నంబరు 1800-11-2356 రాసిపెట్టుకోండి. వాడేసిన గమ్‌లోనూ నికోటిన్ మిగిలే ఉంటుంది, కాబట్టి పిల్లలకూ కుక్కలకూ అందకుండా కాగితంలో చుట్టి పారేయండి.