ఇంకు పెన్ను ఎంచుకునేదెట్లా

తిరుపతి గాంధీ రోడ్డులో పెన్ను కొనేటప్పుడు అంగడాయన ఇచ్చే నున్నటి కాగితం మీద సున్నాలు చుట్టొద్దు. మీరు రోజూ రాసే నోటుపుస్తకమే తీసుకుపోండి. పాళీని ఇంకులో ముంచి ఒక పూర్తి వాక్యం రాయండి. ఒత్తులూ గుడులూ పూడిపోకూడదంటే సన్న పాళీయే మేలు. చవక కాగితం మీద లావు పాళీకి ఇంకు పాకుతుంది. మూత వెనక తగిలించి రాస్తే బరువు వెనక్కి లాగుతోందా? ఎంత అందంగా ఉన్నా వద్దనేయండి.

నా మోజంతా 1932లో మొదలైన రాజమండ్రి రత్నం పెన్నుల మీదే. అట్లాంటి ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్నులో ఇంకు నేరుగా పోస్తారు కదా, పావు వంతు మిగలగానే మళ్లీ నింపండి. లేదంటే చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి పాళీ దగ్గర ఇంకు కక్కుతుంది. మా ఎండల్లో చొక్కా జేబు గతి చెప్పక్కర్లేదు! కడగడానికి చన్నీళ్లే వాడండి, వేడినీళ్లకు ఎబొనైట్ రంగు మారిపోతుంది.